కంపు పువ్వు

ముప్పై గంటలు డ్యూటీ చేసి నిలబడే తూగుతున్న నన్ను, వార్డంతా వింటుండగా ప్రొఫెసర్ కడిగేశారు.

"పేషెంటు కాలు కుళ్లుతుంటే వాసన పట్టలేవా? నీకు ముక్కెందుకమ్మా, కళ్లజోడు పెట్టుకోడానికా?"

పరీక్షలో కూడా ఫెయిల్ చేశారు.

పగబట్టాను. మేడమీద నేను పెంచే వింత మొక్కల్లోంచి, పూస్తే చచ్చిన ఎలుక కంపు కొట్టేదాన్ని తెచ్చి ఆయన గదిలో బల్లపక్కన కానుకగా పెట్టాను. మురిసిపోయారు.

నెల తిరక్కముందే కబురొచ్చింది. గదిలో ముక్కులు పగిలిపోయే కంపు.

"నీ మొక్క పూసినట్టుంది, తీసుకుపో తల్లీ!"

కుండీ కోసం వంగాను. మొగ్గ ఇంకా విచ్చుకోనేలేదు. కంపు బల్లకింద, షుగరుతో ఎప్పుడో స్పర్శ పోయిన ఆయన కాలి బూటులోంచి వస్తోంది.

ఈసారి నా ముక్కు తప్పలేదు.

"అవును, పువ్వే సార్" అని కుండీ ఎత్తుకుని బయటికొచ్చేశాను.