పోలేసు కొత్త పడవ

"నాకు కుళ్ళంటే ఏంటో కూడా తెలీదు" అన్నాడు దానయ్య, బామ్మర్ది పోలేసు కొన్న పొడుగుతోక మోటారు పడవ చుట్టూ ఇసకలో కాలవ పడేదాకా తిరుగుతూ.

అప్పటికి పడవలన్నీ మనుషుల్లా మాట్లాడుతున్నాయి. కొత్త పడవంటే చంటిపిల్లే, ముందు ఏం చెబితే అదే నమ్ముతుంది. పోలేసు మోటారు బిగించి, పసుపు రాసి, కొబ్బరికాయ కోసం ఇంటికెళ్ళాడు. దానయ్య వంగి పడవతో ఏదో గొణిగాడు.

కాయ కొట్టాక ఊరంతా కలిసి తోసినా పడవ కదల్లేదు. మోటారు వెనకున్న పొడుగు కడ్డీని, అదే దాని తోకని, ఇసకలో పాతేసుకుంది.

"ఏమైందే నీకు?" అన్నాడు పోలేసు.

"నాకు నీళ్ళంటే భయం. అందులో పడవల్ని తినే చేపలున్నాయంట. బావ చెప్పాడు."

ఊరంతా దానయ్య కేసి తిరిగింది.

"బావా!"

"నేనే చెప్పాన్రా" అన్నాడు దానయ్య తలొంచుకుని. "నా పడవ పొద్దుట్నుంచీ దీన్నే చూస్తోంది. నాతో మాటల్లేవు."