తొమ్మిదో నంబరు

మేడ మీద గదిలో, కిటికీ పక్కన నిలబడి అమ్మ యాంటెన్నా తిప్పుతోంది. చెవులకి హెడ్‌ఫోన్. చలిగాలి కొడుతున్నా ముఖం నిండా చెమటే.

"వినబడుతోందా అమ్మా?" మంచం మీద నుంచి అడిగింది చిట్టి.

"లేదు. దూరంగానే ఉంది. హమ్మయ్య!" అమ్మ కుర్చీలో కూలబడింది.

అమ్మది సీతాకోకచిలుకల మీద పరిశోధన చేసే ఆఫీసులో ఉద్యోగం. చలికాలం ముందు దక్షిణానికి వలసపోయే సీతాకోకచిలుకల్ని పట్టి, ఒంటికి గింజంత చిప్పు అతికించి వదిలేస్తారు. ఒక్కో చిప్పుకి ఒక్కో నంబరు. అది ఎక్కడుందో రిసీవర్‌లో వినొచ్చు. దగ్గరికొస్తే 'టిక్ టిక్' గట్టిగా, దూరం పోతే సన్నగా.

ఈసారి క్యాంపుకి చిట్టిని కూడా వెంటబెట్టుకొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇది మూడో అద్దె గది. అమ్మ వినేది ఒక్క తొమ్మిదో నంబరునే. దానికి పసుపు రెక్కలుంటాయనీ, వాటి మీద నల్ల చుక్కలుంటాయనీ చిట్టి చూడకుండానే తేల్చేసింది.

"అవి అంతంత దూరాలు ఎందుకు పోతాయమ్మా?"

"ఉంటే చచ్చిపోతాయి గనక."

"దుప్పటి కప్పుకోవచ్చుగా?"

అమ్మకి నవ్వొచ్చింది. "చలికి ఒళ్లు బిగుసుకుపోతుందే పిచ్చిదానా, రెక్క ఆడదు. పిల్లలు తినే ఆకు కూడా ఎండిపోతుంది. ఎగరగలిగినప్పుడే ఎగిరిపోవాలి. ఇంకొన్నాళ్లు చూద్దాంలే అని ఆగిందో, అంతే సంగతులు."

"మళ్లీ ఇంటికి రావా?"

"వెళ్లినవి మళ్లీ ఇల్లు చేరవు. వాటి పిల్లలో, మనవలో వస్తారు."

ఇంతలో ఫోను. ఆఫీసులో పెద్దసారు.

"ఏమ్మా, మిగతావన్నీ ఎప్పుడో దక్షిణానికి దాటేశాయి. నీ తొమ్మిదేంటి, ఇంకా అటూ ఇటూ తిరుగుతోందంటున్నావు? చిప్పు ఊడి ఎక్కడో పడిపోయుంటుంది."

"ఊడదు సార్. నా చేత్తో నేనే అతికించాను."

ఫోను పెట్టేస్తుంటే ఇంటావిడ టీ గ్లాసుతో పైకొచ్చింది. "నువ్వడిగిన నాలుగింటి బస్సు ఇవాళ కాస్త లేటట. అయినా ఒక్క పురుగు కోసం ఇంత హైరానా ఏంటమ్మా? చెయ్యి చూడు ఎలా వాచిపోయిందో!"

"వల పట్టుకుని పరిగెడుతూ పడ్డానండీ."

చిట్టి తలెత్తి అమ్మ వైపు చూసింది.

"మీ ఆయన్ని రమ్మనలేకపోయావా, సాయంగా ఉండేవాడు?"

"ఆయనకి సెలవు దొరకలేదండీ," అంటూ అమ్మ హెడ్‌ఫోన్ తగిలించుకుంది. ఇంటావిడ గ్లాసు బల్ల మీద పెట్టి కిందికి దిగిపోయింది.

టిక్.

అమ్మ చటుక్కున లేచింది. యాంటెన్నా ఊరవతల వంతెన వైపు తిప్పింది. టిక్, టిక్. సందేహం లేదు. నిన్న దక్షిణానికి పోయింది కాస్తా వెనక్కి తిరిగింది.

"తొమ్మిదో నంబరేనా?" చిట్టి ఎగిరి గంతేసింది. "అమ్మా, మనం దాని వెనక వెళ్తున్నామా, అదే మన వెనక వస్తోందా?"

అమ్మ టీ గ్లాసు పక్కకి నెట్టేసింది. గబగబా బట్టలన్నీ బ్యాగులో కుక్కింది.

"వచ్చేస్తుంటే వెళ్లిపోతామేంటి? ఉండి చూద్దాం అమ్మా! చలికి తట్టుకోలేక వస్తోందేమో. పట్టుకుని మనతో తీసుకుపోదాం."

"చెప్పులేసుకో. మారు మాట్లాడావంటే చూడు."

వెనక మెట్ల మీదుగా దిగి, సందులోంచి బస్టాండుకి పరిగెత్తారు. అమ్మ మాటిమాటికీ వెనక్కి చూస్తోంది. దేవుడి దయ, బస్సు అప్పుడే వచ్చి ఆగింది. చివరి సీట్లో మూలకి ఒదిగి కూర్చున్నారు. డ్రైవరేమో టీకొట్టు దగ్గర తాపీగా కబుర్లాడుతున్నాడు. రావయ్యా బాబూ, రా!

అమ్మ హెడ్‌ఫోన్‌లో టిక్కులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. బస్టాండులోనే ఉంది. అమ్మ చిట్టి తలని ఒళ్లోకి లాక్కుని చున్నీ కప్పేసింది.

"ఎక్కడమ్మా? నేను చూస్తా."

"ష్! కదిలితే బెదిరిపోతుంది," అంది అమ్మ. బెదిరిపోయి ఉన్నది తనే. గుండె దడ చిట్టికి చున్నీలోంచే వినబడుతోంది.

డ్రైవరు ఎక్కాడు. బస్సు కదిలింది. మలుపు తిరిగింది. టిక్కులు తగ్గి, తగ్గి, సన్నబడి, ఆగిపోయాయి. అమ్మ హెడ్‌ఫోన్ తీసేసి వెక్కివెక్కి ఏడ్చింది.

చిట్టికీ ఏడుపొచ్చింది. "పాపం అమ్మా, అది ఒక్కతే ఇక్కడ ఉండిపోయింది."

తొమ్మిదో నంబరు చిప్పుని అమ్మ ఏ రెక్కకీ అతికించలేదు. చిట్టిని తీసుకుని ఇంట్లోంచి బయటపడే ముందు, నాన్న బండి సీటు కింద అతికించింది.