తీసేసి చూడటం

"పెద్దదాన్ని ఒక్కదాన్నే ఉంచు. చిన్నదాన్ని తీసెయ్," అంది మేడమ్, తెర మీది బొమ్మ చూపిస్తూ.

ఎలుక కాలేయంలో ఒక జన్యువును మేలుకొలిపే రెండు ప్రొటీన్ల బొమ్మ అది. ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయని ల్యాబులో వాటిని తోడికోడళ్ళంటాం.

"చిన్నది లేకపోతే జన్యువు పలకనే లేదు కదా మేడమ్. తీసేసి మీ ముందే చూశాం."

"నిజమే. కానీ ఇద్దరి కథ ఎవరికి గుర్తుంటుంది? సైన్సు సభలో ఒక్క పేరు చెబితేనే నిలబడుతుంది."

చిన్నదాన్ని ఆమే చెరిపేసింది. బొమ్మ కింద ఉన్న మా ఇద్దరి పేర్లలో నా పేరు కూడా అదే చేత్తో చెరిపేసింది.

నేను కోటు విప్పి కొక్కేనికి తగిలించాను.

"ఎక్కడికి?"

"ఒంటి చేత్తో చప్పట్లు కొట్టి చూపించు అక్కా," అన్నాను. ల్యాబులో ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. "చిన్నకోడలు ఏం పని చేస్తోందో తెలియాలంటే తీసేసి చూడాలని నేర్పింది నువ్వే. ఇప్పుడు ల్యాబులోంచి తీసేశావు. సాయంత్రం మన వంటింట్లోంచి నేనే తప్పుకుంటాను. అత్తయ్య అడిగితే జవాబు నువ్వే చెప్పుకో."