తెడ్డులో చిటపటలు

ఉత్తర ధ్రువం వైపు తిరిగే ఓడలో రెండేళ్లు పనిచేసి, ఈ మే నెలలోనే కళింగపట్నం వచ్చాడు లక్ష్ముడు. చుక్కలు నిండుగా పూసిన రాత్రి, మావ ధనరాజుతో పడవలో సముద్రం మీద వేటకెళ్లాడు. చేపల అలికిడి వినడానికి తెడ్డు నీళ్లలో ముంచి, పిడికి చెవి ఆనించాడు.

“ఏటిరా అల్లుడా, సేపలేనా?”

చేపలు కావు. నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. ఆ ఉత్తరాన, ఏటేటా వెనక్కి తగ్గే మంచుగోడ సముద్రంలో కరుగుతుంటే, లోపల వెయ్యేళ్లుగా చిక్కుకున్న గాలి ఇలాగే పేలేది.

“మంచు కరుగుతన్నాది మావా.”

“ఈ ఎండల్లో మంచేటిరా!” ధనరాజు నవ్వుతూ నీళ్లలో చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. చెయ్యి తీసి చంకలో దాచుకున్నాడు.

చిటపటలూ ఆగాయి. అక్కడ అలా ఆగితే, గోడ విరగబోతోందని ఓడ వెనక్కి తిప్పేవారు.

లక్ష్ముడు మెల్లగా తలెత్తాడు. తూర్పున, నీళ్ల దగ్గర్నుంచి నడినెత్తి దాకా, ఒక్క చుక్కా లేదు.