మూడో పేజీ

"గూగుల్‌లో మొదటి పేజీ దాటి ఎవడూ ముందుకు పోడు డాక్టర్ గారూ. జనానికి అంత ఓపికా లేదు, అంత బుర్రా లేదు," అన్నాడు రాఘవేంద్ర.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుక్కున్న చిన్న ఆఫీసు అతనిది. ఎవరి వెబ్‌సైట్ అయినా సరే, గూగుల్‌లో వెతికితే ముందు కనబడేలా చెయ్యడం అతని వ్యాపారం.

ఎదురుగా కూర్చున్న విశ్వేశ్వరరావుకి ఎల్బీ నగర్‌లో పిల్లల ఆసుపత్రి ఉంది. ముందున్న కాఫీ ఆయన ముట్టుకోలేదు.

"నా పేరు కొడితే ముందు ఆ పేజీయే వస్తోందండీ. పేషెంట్లు అది చదివి వెనక్కి పోతున్నారు. నాలుగేళ్ళ పిల్ల..."

"మూడున్నర," అన్నాడు రాఘవేంద్ర, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా. "ఆ పేజీ సంగతి నాకు తెలుసు."

డాక్టర్ గొంతు సవరించుకున్నాడు. "మీరు ఈ పని ఒప్పుకుంటారనుకోలేదు."

"ఎందుకు ఒప్పుకోను? మీ బ్రాంచీలన్నిటి పనీ నాకే ఇస్తానన్నారు. అది చాలు."

డాక్టర్ వెళ్ళాక జ్యోతికని పిలిచాడు. నల్గొండ వైపు నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. స్క్రీన్ మీద ఒక పేజీ అడ్రస్ చూపించాడు. శాతం గుర్తులు, అంకెలు, విడి అక్షరాలు, రెండు వరుసల పొడుగున.

"ఏంది సర్ గిది? వైరసా?"

రాఘవేంద్ర నవ్వాడు. "వనస్థలిపురంలో అమల అని ఒకావిడ. బ్లాగు రాస్తుంది. పాపకి జ్వరమని ఈయన ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇంజెక్షన్ ఇచ్చాక చనిపోయిందని డాక్టర్ పేరు పెట్టి మరీ రాసింది. శీర్షిక తెలుగులో పెట్టి, దాన్నే అడ్రస్‌గా వదిలేసింది. కాపీ చేస్తే ఇదిగో, ఇలా చెత్త వస్తుంది. ఏడవడం వచ్చు, అడ్రస్ పెట్టడం రాదు."

"అయినా ముందుగాల అదే వస్తుంది కద సర్."

"జాలిపడేవాళ్ళు వాట్సాప్‌లో పంచుతున్నారు. జాలి ఎన్నాళ్ళుంటుంది? మనం పేజీల మీద పేజీలు చేసి పైకి తెస్తే, అది దానంతటదే కిందికి పోతుంది. ప్రతి అడ్రస్‌లో డాక్టర్ పేరు, హైఫన్, పిల్లల డాక్టర్, హైఫన్, ఎల్బీ నగర్. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలు. అంకెలొద్దు, ప్రశ్న గుర్తులొద్దు. అడ్రస్ చదివితేనే పేజీ దేని గురించో మనిషికీ తెలియాలి, మెషీన్‌కీ తెలియాలి."

జ్యోతిక ఆ అడ్రస్ నొక్కబోయింది.

"తెరవకు," అన్నాడు. "ఒక్కరు తెరిచినా దానికి బలమే. ఈ ఆఫీసులో ఎవరూ ఆ పేజీ తెరవకూడదు."

"మరి గామె ఏం రాసిందో తెల్వకుంటే ఎట్ల సర్? జనం ఏ మాటలు ఎతుకుతరో గవే మన అడ్రసుల పెట్టాలె కద."

"రాసుకో. జ్వరం, ఇంజెక్షన్, ఫిట్స్, డ్యూటీ డాక్టర్." గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "ఇలాంటివాళ్ళంతా అవే మాటలు రాస్తారు."

అతని ఫోన్ మోగింది. ఎవరో చూసి బోర్లా పెట్టాడు. అది మోగి మోగి ఆగిపోయింది.

"పాప సచ్చిపోయింది సర్. జర బాధనిపిస్తలేదా మీకు?"

"బాధపడితే ఎవరికైనా ఏమన్నా ఒరిగిందా? ఆవిడ రోజూ కూర్చుని అదే ఏడుపు రాస్తుంది. పిల్ల తిరిగొచ్చిందా? బుద్ధున్నవాళ్ళు నోరు మూసుకుని పని చూసుకుంటారు. నువ్వూ చూసుకో."

జ్యోతిక చూసుకుంది. జ్వరం వస్తే ఏం చెయ్యాలో ఒక పేజీ, ఇంజెక్షన్ భయం పోగొట్టడం ఎలాగో ఇంకో పేజీ. అన్నిట్లోనూ నవ్వుతున్న పిల్లల బొమ్మలు. అడ్రస్‌లు మాత్రం రాఘవేంద్రే దగ్గరుండి సరిచూసేవాడు. ఒక్క హైఫన్ ఎక్కువైనా ఒప్పుకునేవాడు కాదు. దసరా నాటికి అమల పేజీ జారడం మొదలుపెట్టింది. రెండో పేజీలోకి పోయింది. తర్వాత మూడో పేజీలోకి.

డాక్టర్ ఫోన్ చేశాడు. రాఘవేంద్ర జ్యోతిక ఎదురుగానే స్పీకర్ పెట్టాడు.

"చాలా థాంక్సండీ. కానీ ఆవిడ ఊరుకుంటుందంటారా?"

"ఊరుకోదు. మళ్ళీ రాస్తుంది. రాసుకోనివ్వండి."

"కోర్టుకీ గీర్టుకీ వెళితే?"

"వెళ్ళదు. ఒంటరిది. వెనకాల నిలబడేవాళ్ళెవరూ లేరు."

అవతల డాక్టర్ ఫోన్ పెట్టేశాడు.

రాఘవేంద్ర చాయ్ తెప్పించాడు. "చూశావా, మూడో పేజీలో పడ్డది ఇక లేనట్టే," అని జ్యోతికకి ఒక కప్పు జరిపాడు. ఆమెకి తాగబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, జ్యోతిక ప్లాట్‌ఫామ్ మీద బెంచీపై కూలబడింది. జనమంతా ఊళ్ళ బస్సుల కోసం మెట్లు దిగి పరుగెడుతున్నారు. ఇన్నాళ్ళూ తను కిందికి తోసినదేమిటో తనకే తెలియదు. ఫోన్ తీసి డాక్టర్ పేరు కొట్టింది. వరుసగా తను చేసిన పేజీలే వచ్చాయి. వాటన్నిటినీ దాటుకుంటూ పోయి, మూడో పేజీ అడుగున అమల పేజీని పట్టుకుంది.

పెద్దగా ఏమీ లేదు అందులో. ఎవరినీ తిట్టలేదు. పాప జ్వరంలో కూడా కోవా అడిగిందని, తగ్గాక పెడతానని తను అన్నానని రాసింది. ఏ మందు ఇచ్చారని అడిగితే ఎవరూ చెప్పలేదని రాసింది. ఎవరికైనా తెలిస్తే చెప్పమంది.

చివర ఒక ఫోటో మెల్లగా తెరుచుకుంది.

'పాప, వాళ్ళ నాన్న' అని దాని కింద రాసి ఉంది. పాపని భుజాల మీద ఎక్కించుకుని నవ్వుతున్నవాడు రాఘవేంద్ర.