జర్మనోడి దీపాలు

"కొవ్వొత్తులా? ఒక్కటి కూడా లేదక్కా. పొద్దున్నే జర్మనోడు వచ్చి కట్టలకి కట్టలు పట్టుకుపోయాడు."

కొట్టు యజమాని అనక్లేతో, బల్ల మీద మోచేతులు ఆనించి చెప్పాడు.

జుల్మీరా గుమ్మంలోనే నిలబడిపోయింది.

మరియమాత ముందు ఒక్క వత్తి వెలిగిద్దామని వచ్చింది. కొడుకు దమియాన్ సిపాయి బట్టలేసుకుని ఎక్కిన ఓడని, తీరానికి కాస్త దూరంలోనే జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసింది. అప్పట్నుంచీ కెరటాలు కుర్చీలు తెస్తున్నాయి, గోనెసంచులు తెస్తున్నాయి, శవాలు తెస్తున్నాయి.

వాటిలో దమియాన్ లేడు. లేడంటే ఎక్కడో బతికున్నట్టే. ఆ ఒక్క ఆశతోనే ఆమె అన్నం తింటోంది.

"అన్ని కొవ్వొత్తులు వాడికెందుకురా?" అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ముసలాయన అడిగాడు.

"పుట్టినరోజేమో!" అన్నాడు అనక్లేతో.

ఎవరూ నవ్వలేదు.

జర్మనోడి పేరు రైన్‌హోల్డ్. అది నోరు తిరక్క ఊరంతా రైనాల్దు అనేవారు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కొబ్బరాకుల గుడిసెలో అకార్డియన్లు బాగుచేసుకుంటూ బతికేవాడు. తన దేశం ఎందుకు వదిలి వచ్చాడో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. దమియాన్ ఒక్కడే ఆ గుడిసెకి వెళ్ళేవాడు. అతనికి పడవ నడపడం నేర్పాడు, ఇక్కడి మాటలు నేర్పాడు. ముందు తిట్లు, తర్వాత ప్రార్థనలు.

మొన్నమొన్నటిదాకా ఇదే అరుగు మీద, "ఎవరి యుద్ధమో అది! బ్రెజిల్‌కేంటి? మన చేపలు మనం పట్టుకుందాం" అనేవారు. ఇప్పుడా మాట అనే నోరు లేదు. పట్నంలో కుర్రాళ్ళు యుద్ధం, యుద్ధం అని వీధుల్లో కేకలేస్తున్నారట. పరాయి పేరున్న కొట్లన్నీ పగలగొడుతున్నారట.

"నిన్న పొద్దుగూకేటప్పుడు మొగ దగ్గర దీపాలు చూశాను," అంది జుల్మీరా మెల్లగా.

"దీపాలా?"

"నీళ్ళ మీద. చిన్నచిన్నవి, ఒకదాని వెనక ఒకటి సముద్రంలోకి పోతున్నాయి. రైనాల్దు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చూస్తున్నాడు."

అనక్లేతో బల్ల మీంచి లేచాడు.

"సైగలు! సబ్‌మెరైన్‌కి సైగలు చేస్తున్నాడు!"

జుల్మీరా ఆ మాట అనలేదు. కాదని కూడా అనలేదు.

చర్చి గంట మోగింది. తెడ్లు, చేపల కత్తులు, చేతికి దొరికినవి పట్టుకుని ఊరంతా మొగ వైపు నడిచింది. రైనాల్దుని గుడిసెలోంచి ఇసుకలోకి ఈడ్చారు.

"ఎవరికిరా ఆ దీపాలు?"

అతను పెదవి మీద నెత్తురు తుడుచుకున్నాడు. గుంపులో వెతికిన కళ్ళు జుల్మీరా దగ్గర ఆగిపోయాయి.

"ఇక్కడ వద్దు. పక్కకి రండి, చెప్తా," అన్నాడు వచ్చీరాని మాటల్లో.

"పక్కకెందుకు? రహస్యమా? అందరి ముందూ కక్కు!"

అతను మళ్ళీ ఆమెనే చూసి తల అడ్డంగా ఊపాడు.

జుల్మీరా అందర్నీ తోసుకుంటూ వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"నా బిడ్డ నీకు మాటలు నేర్పాడు. నా చేతి చేపల పులుసు తిన్నావు. వాడు ఆ ఓడలో ఉన్నాడని తెలిసే దీపాలు పెట్టావా?"

"లేదమ్మా. కాదు."

"మరి దేనికి?"

అతను సముద్రం వైపు తల తిప్పుకున్నాడు.

జుల్మీరా అతని మొహాన ఉమ్మేసింది.

ఆ తర్వాత మొదటి తెడ్డు దెబ్బ ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు. గుడిసె అంటుకుంది. మంటల్లో అకార్డియన్లు ఒక్కొక్కటీ మనుషుల్లా మూలిగాయి. పోలీసులు వచ్చేసరికి జైలుకి తీసుకెళ్ళడానికి అతను ప్రాణాలతో లేడు.

ఆ వారంలోనే బ్రెజిల్ యుద్ధంలోకి దిగిందని రేడియోలో చెప్పారు. అనక్లేతో మేనల్లుడు సైన్యంలో చేరడానికి బస్సెక్కాడు. "నీ కొడుకు పగ తీరుతుందక్కా," అని ఆడవాళ్ళు జుల్మీరా భుజం తట్టి వెళ్ళారు.

బస్సు వెళ్ళిన రోజు మధ్యాహ్నం మడ అడవుల అవతల్నుంచి ముసలి ఫిర్మినా పడవలో వచ్చింది. దిష్టి తీస్తుంది, పోయినవాళ్ళకి ప్రార్థనలు చదువుతుంది. కళ్ళకి పొరలు కమ్మాయి. కర్ర తాటించుకుంటూ, దారిపక్కన కర్రకి తగిలిన మొదటి ఇంటి ముందు ఆగింది.

"ఎవరమ్మా లోపల? మొగ దగ్గర జర్మన్ అబ్బాయి ఉండాలి, ఏడీ? బూడిద వాసన తప్ప అక్కడ ఏమీ లేదు."

జుల్మీరా లేసు అల్లుతున్న చేతులు ఆపింది.

"వాడితో నీకేం పని?"

"బుర్ర ఎక్కడ ఆగిందో కనుక్కుందామని వచ్చాను."

"ఏ బుర్ర?"

"సొరబుర్ర డిప్పలో కొవ్వొత్తి వెలిగించి వదిలితే, మునిగినవాడు ఉన్న చోటికెళ్ళి ఆగుతుంది కదే. మీ తాతలు ఏట్లో చేసేవాళ్ళు. సముద్రంలో పోయినవాళ్ళకీ చెయ్యొచ్చా అని ఆ అబ్బాయి అడిగాడు. పొద్దుగూకే వేళ మొగలో వదలమన్నాను. ఆగేదాకా రోజూ వదలమన్నాను."

చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి అలాంటి దీపాన్ని జుల్మీరా కూడా చూసింది. ఊళ్ళో ఇంకెవరి చేతిలో ఉన్నా పోల్చుకునేదే.

"ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాను," అంది ఫిర్మినా అరుగు మీద కూలబడుతూ. "కన్నతల్లికి తెలియనివ్వకు, తల్లి ఏడిస్తే బుర్ర నిలవదు, సముద్రంలోకి కొట్టుకుపోతుంది అని. నా చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు."

జుల్మీరా లేసు పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చింది.

"ఏ తల్లికి?"

"ఈ ఊళ్ళోనే లేసులల్లే జుల్మీరా అట, ఆవిడ కొడుకు తనకి తోడబుట్టినవాడితో సమానమని చెప్పి ఏడ్చాడమ్మా," అంది ఫిర్మినా.