సకెల్లారిస్ పడవ

"ఆ పీనుగ సంగతి నన్నడక్కు," అంది సెవస్తి.

గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో, సముద్రం అడుగున పెరిగే స్పాంజి అంచులు కత్తిరిస్తోంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. ఒడినిండా పసుపురంగు పొట్టు.

డాక్టర్ థేమిస్‌కి ఒళ్లు మండింది. ఏథెన్స్ నుంచి పన్నెండు గంటలు ఓడలో కూచుని అతను కాలిమ్నోస్ లంక దాకా వచ్చింది ఈ ముసలమ్మ చేత మాటలు పడటానికి కాదు. రేవు పక్క మ్యూజియంలో అద్దాల వెనక ఆ స్పాంజి చూశాడు. అలాంటిది ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. తెగులు తగిలి పై లోతుల్లో ఉన్నవన్నీ కుళ్లిపోయాయి. కింద చీటీ మీద రాసి ఉన్నది ఒక్కటే ముక్క: 'సకెల్లారిస్ పడవ, 1969.'

కాఫీ కొట్టు అతన్ని అడిగితే నవ్వాడు. "కెప్టెన్ పోయి నాలుగేళ్లయింది. ఆయన భార్య సెవస్తి కొట్టుకి వెళ్లండి. నోరు మాత్రం కాస్త దగ్గర పెట్టుకోండి."

ఆవిడ నోరు సంగతి అతను చెప్పలేదు.

"కెప్టెన్ గారి పడవ ఆ స్పాంజి ఎక్కణ్ణించి తెచ్చిందో చెబితే చాలమ్మా."

"ఎక్కణ్ణించేమిటి, అరవై మీటర్ల అడుగు నుంచి. నలభై చాలని పడవలో అందరూ చెప్పారు. వింటేనా ఆ పొగరుబోతు పీనుగ? దిగింది. పైకొచ్చేసరికి నడుం కింద చచ్చుబడి, తడిసిన గోనె సంచిలా వచ్చింది. ఈ ఊళ్లో దాన్ని సముద్రం పట్టడం అంటాం. మీ ఏథెన్స్‌లో ఏమంటారో."

థేమిస్ మొహం చిట్లించుకున్నాడు. కట్టుకున్నవాణ్ణి, అందులోనూ పోయినవాణ్ణి, గొడ్డును అన్నట్టు అంటోంది. ఏం మనుషులు వీళ్లు, అనుకున్నాడు.

"పాపం, చాలా కష్టపడి ఉంటారు."

"ఎవరు, ఆ పీనుగా? ఏడాదిపాటు గోడకేసి తిరిగి పడుకుంది. అన్నం పెట్టినవాళ్లని తిట్టింది, నీళ్లిచ్చినవాళ్లని తిట్టింది. కష్టం మోసినవాళ్లది." కత్తెరతో పైకి చూపించింది. "ఆ గంప ఇలా దించు."

"నేను డాక్టర్నమ్మా."

"చేతులున్నాయిగా."

దించాడు. ఖరీదైన చొక్కా మీద ఇసక రాలింది. తుడుచుకుంటుంటే ఆవిడ తమాషా చూసింది.

"ఇంతకీ దేనికి నీకది? మీ వాళ్లకి వీపులు రుద్దుకోవడానికి గుడ్డలు కరువయ్యాయా?"

"ఎముక కోసం," అన్నాడు. ఇలాంటావిడకి చెప్పి లాభం లేదని తెలిసీ చెప్పాడు. "స్పాంజి లోపల సన్నటి గదులుంటాయి. శుభ్రం చేసి ఎముక పోయిన చోట అమరిస్తే, పక్కనున్న ఎముక ఆ గదుల్లోకి పాకి పెరుగుతుంది. మామూలు వాటి గదులు మరీ పెద్దవి. మ్యూజియంలోదాని అల్లిక సరిగ్గా సరిపోతుందనిపిస్తోంది. గొర్రెల్లో చూశాం, పెరిగింది."

"బాగుంది. నేను గొర్రెల కత్తెరతో స్పాంజి కోస్తాను, నువ్వు స్పాంజితో గొర్రెల్ని కుడతావు. దీనికి ఎన్నేళ్లు చదివావేమిటి?"

"పధ్నాలుగేళ్లు."

"పాపం మీ అమ్మ."

థేమిస్ ఓపిక అయిపోయింది. సంచి భుజాన వేసుకున్నాడు. "మా ఆస్పత్రిలో ఒకావిడ ఉంది. క్యాన్సరొచ్చి కింది దవడ సగం తీసేశాం. ఎనిమిది నెలలుగా గంజి మీద బతుకుతోంది. రెండుసార్లు ఎముక అతికించాం, నిలవలేదు. చచ్చేలోగా ఒక్కసారి రొట్టె కొరకాలని చీటీ మీద రాసి చూపిస్తుంది నాకు, మాట రాదు కనక. మీకివన్నీ ఎందుకులెండి."

గుమ్మం దాకా వెళ్లాడు. వెనక కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"రాసుకో," అంది సెవస్తి.

అతను వెనక్కి తిరిగాడు.

"నించుని రాస్తావా? ఆ గంప బోర్లించి కూచో. తెలెండోస్ లంక కొసా, కొండ మీది చర్చి గంటా ఒక గీతలోకి వచ్చేదాకా పడవ పోనివ్వాలి. అక్కడ లంగరు. రాతి గోడ వెంట దిగాలి. యాభై దగ్గర అరుగులాంటిది తగులుతుంది. దాన్ని దాటగానే కుడి చెంప మీద చల్లటి నీళ్లు కొడతాయి. అటే తిరగాలి, గుహ నోరు అక్కడే. లోపల కంటికేమీ ఆనదు. చేత్తో తడుముకోవాలి. వేలికి పిల్లి చెవిలా మెత్తగా తగిలిందే నీకు కావలసింది. పీకనివ్వకు. మొదలు దగ్గర వేలెడు వదిలి కోస్తే మళ్లీ వస్తుంది."

థేమిస్ పెన్ను పరుగెడుతోంది.

"దిగేవాళ్లెవరైనా సరే, పైకొచ్చేటప్పుడు ఆగి ఆగి రమ్మను. చేతినిండా దొరికిందని సంబరపడి ఆ పీనుగలా ఒక్క ఊపున రావద్దను."

పుస్తకం మూశాడు. కావలసింది దొరికింది. ఇక ఈ ముసలమ్మకి ఒక చురక అంటించి పోవచ్చు.

"చెంపకి చల్లగా తగిలిన నీళ్లతో సహా కెప్టెన్ గారు మీకు పూసగుచ్చినట్టు చెప్పారు. మీరేమో అంతటి మనిషిని పట్టుకుని పీనుగ, పీనుగ అంటున్నారు."

సెవస్తి ఒళ్లోని పొట్టు మెల్లగా దులుపుకుంది.

"ఆయన్నెందుకంటానయ్యా, ఆయన పైన పడవలో నా తాడు పట్టుకునేవాడు."